ఆ గడిలో మూడు

ల్యాబ్ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు కాస్త చనువు దొరకగానే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, ఇన్నేళ్ళలో మీరెప్పుడైనా తప్పు రిపోర్టు ఇచ్చారా?" ఇవ్వలేదని చెప్పేవాళ్ళను నమ్మకండి. నేను ఇచ్చాను. అది ఎంత సులువుగా జరిగిపోయిందో, దిద్దబోతే ఎవరెవరు వద్దన్నారో ఇప్పుడు చెబుతాను. కొంచెం సిగ్గుపడే విషయమే. కానీ రిటైరైపోయాను, మా అత్తగారు కూడా లేరు, ఇంకెవరికి దాచాలి?

పెళ్ళైన కొత్తలో ఆవిడ "ఇంతకీ ఏం పరీక్షలు చేస్తావమ్మాయ్?" అని అడిగితే "రక్తం, మూత్రం" అన్నాను. మూడోది కూడా ఉందని ఆవిడ పోయేదాకా చెప్పలేదు. ఆ మూడోది వీర్యపరీక్ష.

నేను మొదట జగ్గయ్యపేటలో పనిలో చేరాను. అక్కడ ఒక పెద్దాయన, ఆ ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్, నాకు మైక్రోస్కోపులో చూడటం నేర్పారు, స్లయిడు కడగటం నేర్పారు, చివరికి ఫారం నింపటం కూడా నేర్పారు. వీర్యపరీక్ష ఫారంలో ఒక గడి ఉండేది. కిందటిసారి వీర్యం పోయి ఎన్ని రోజులైందో అందులో రాయాలి. రెండు రోజులకు తగ్గకూడదు, వారం దాటకూడదు. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల ఒక మగవాణ్ణి నిలబెట్టి ఆ ప్రశ్న అడగటమెలాగో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆయన్నే అడిగాను.

"ఆ గడిలో మూడని రాసెయ్యమ్మా," అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "అడిగావనుకో, వాళ్ళు సిగ్గుతో పారిపోతారు. తర్వాత నువ్వూ పారిపోవాల్సొస్తది."

రాశాను. ఆ వచ్చినవాడు కొత్త పెళ్ళికొడుకైనా, లారీ మీద ఒరిస్సా పోయి నెలకు దిగినవాడైనా, అందరికీ మూడే. మా ప్రాంతంలో మగవాళ్ళంతా కూడబలుక్కుని మూడు రోజులే ఆగుతారని ఎవరైనా ఆ రికార్డులు చూస్తే అనుకునేవారు.

తర్వాత నందిగామ వచ్చాను. బస్టాండుకు ఎదురు సందులో ల్యాబ్. సంతకాలు పెట్టే డాక్టరు గారు బెజవాడ నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవారు. కౌంటర్లో ఒక సాయిబు గారు కూర్చునేవారు. తెల్ల గడ్డం, ముత్యాల్లాంటి దస్తూరీ, మహా మర్యాదస్తుడు. వీర్యపరీక్ష పేరు ఆయన నోటితో పలకగా నేను వినలేదు. రసీదు మీద 'స్పెషల్' అని రాసి, కప్పును పాత పేపర్లో చుట్టి, ప్రసాదం పొట్లంలా అందించేవారు. ఆ గడి సంగతి ఎత్తితే "అది మీరే అడగండి మేడమ్" అనేవారు. "మగవాళ్ళు మగవాళ్ళు, మీరే అడగండి" అని నేననేదాన్ని. ఇద్దరం అడిగేవాళ్ళం కాదు.

వచ్చేవాళ్ళు మాకంటే నయమేం కాదు. ఒకాయన ధైర్యం కోసం నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంకొకాయన, తనకు కుదరటం లేదు, తమ్ముణ్ణి పంపితే సరిపోతుందా అని అడిగాడు. "ఒకే రక్తం కదండీ" అన్నాడు పైగా. వీరులపాడు నుంచి ఒక అత్తగారు అల్లుడి శాంపిల్‌ను స్టీలు క్యారియర్లో పెట్టి, మూత బిగించి, టవలు చుట్టి తెచ్చింది. దారిలో చల్లారకూడదని ఎవరో చెప్పారట. నిజానికి ఆవిడొక్కతే సరిగ్గా తెచ్చింది.

ఇక ఆ తప్పు. చలికాలం, మిరప కోతల ముందు రోజులు. చందర్లపాడు వైపు పల్లె నుంచి ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎర్ర చొక్కా, ఎర్ర పంచె, నుదుట కుంకుమ. సిగ్గుతో అతని మొహం చూడలేక కాళ్ళవైపు చూశాను. చెప్పుల్లేవు. మడమలు బీటలు వారి, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఎక్కణ్ణుంచి నడిచొచ్చావు నాయనా అని ఎవరైనా అడుగుతారు. నేను కప్పు ఇచ్చి, గడిలో మూడు వేశాను.

మైక్రోస్కోపులో చూస్తే తిరనాళ్ళలో జనంలా వీర్యకణాలు కిక్కిరిసి ఉన్నాయి. కానీ కదిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతావి తోకలు చాచుకుని పడి ఉన్నాయి. ఇన్ని ఉండి ఇలా ఉన్నాయేమిటా అని ఒక్క క్షణం అనిపించింది. బయట షుగర్ పరీక్షలకు పది మంది ఖాళీ కడుపుతో కూర్చుని ఉన్నారు. చూసింది చూసినట్టు రాసేశాను. డాక్టరు గారు సంతకం పెడుతూ, ఒక్క పరీక్షతో తేల్చకూడదు కాబట్టి, మళ్ళీ చేయించాలని అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. దాన్ని ఎవరూ చదవలేదు.

పది రోజులకు ఒకమ్మాయి వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంది. ఇరవై ఐదు దాటి ఉండవు. కౌంటర్ దగ్గర ఆగకుండా తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి అతని పేరు చెప్పింది.

"నేను వాళ్ళ భార్యనండి. ఆ రిపోర్టు ఇంకో కాపీ కొట్టిస్తారా? మా అత్త పొయ్యిలో పెట్టేసింది. ఈసారి లామినేషన్ చేయించుకుంటా."

నవ్వొచ్చింది నాకు. ఆ అమ్మాయికి రాలేదు. స్టూలు చూపిస్తే కూర్చుని చెప్పుకొచ్చింది. పెళ్ళై నాలుగేళ్ళు. బెజవాడలో తనకు చెయ్యని పరీక్ష లేదు, అన్నీ బాగున్నాయి. అయినా అత్తగారు అన్నం పెట్టే చోట ఒక మాట, బట్టలారేసే చోట ఒక మాట. ఈమధ్య కొడుక్కి ఇంకో సంబంధం చూస్తానని కూడా మొదలుపెట్టింది. అప్పుడీమె మొగుడికి ఎదురు తిరిగి, ముందు నువ్వు పరీక్ష చేయించుకో, తర్వాతే మాట్లాడు అంది.

"సరే, దీక్ష అయ్యాక చేయించుకుంటా అన్నారండి. అన్నమాట ప్రకారం అమ్మవారి దగ్గర ఇరుముడి దించి, మాల తీసి, ఇంటికి కూడా రాకుండా తిన్నగా మీ దగ్గరికే వచ్చారు."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఏం దీక్ష?"

"భవానీ దీక్షండి. నలభై ఒక్క రోజులు. మా ఊరి నుంచి బెజవాడ కొండకి నడిచే పోయారు. ఆ నలభై రోజులూ నా గది వైపు చూస్తే ఒట్టు. వేరే చాప, వేరే దుప్పటి, వంట కూడా ఆయనే."

ఎర్ర చొక్కా, బీటలు వారిన మడమలు అప్పుడు గుర్తొచ్చాయి. మా జిల్లాలో పుట్టి పెరిగిన నేను ఎర్రబట్టల మనిషిని చూసి భవానీ అని పోల్చుకోలేదంటే, పైగా నలభై ఒకటి ఉండాల్సిన చోట మూడు రాశానంటే, ఆ రోజు నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా తప్పు లేదు. చాలా సిగ్గేసింది.

"ఇప్పుడు ఇంట్లో ఎట్లా ఉందమ్మా?" అన్నాను.

"నాకైతే హాయిగా ఉందండి," అంది దాపరికం లేకుండా. "పది రోజులైంది, మా అత్త నోరు పడిపోయింది. మొన్న నాకు కాఫీ కూడా పెట్టిచ్చింది. కానీ ఆయనే అన్నం సరిగ్గా తినట్లా. చేలోకి పోవట్లా. నీ బతుకు పాడు చెయ్యను, మీ పుట్టింటికి పో, వేరే పెళ్ళి చేసుకో అంటున్నారు. నాలుగు తిట్టా. అయినా వినట్లేదు. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం రెండు వైపులా పెద్దమనుషుల్ని పిలిచారు. తెగదెంపులు చేసేస్తారంట."

"ఆ రిపోర్టు తప్పయి ఉండొచ్చమ్మా," అన్నాను. ఎంత మెల్లగా అన్నా గదంతా వినిపించినట్టు అనిపించింది.

ఆ అమ్మాయి సంతోషిస్తుందనుకున్నాను. సంతోషించలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంది. "అయితే మళ్ళీ నా మీదకే వస్తుందాండీ?" అంది.

నా తప్పు దిద్దితే అతను నిలబడతాడు, ఈమె నెత్తిన మళ్ళీ నిందపడుతుంది. దిద్దకపోతే కాపురమే పోతుంది. ఇన్నేళ్ళ అనుభవంలో అలాంటి చిక్కులో పడలేదు. అయినా తప్పని తెలిశాక ఊరుకోవటం నా వల్ల కాదు. సంగతేమిటో ఆమెకు విడమరిచి చెప్పాలనుకున్నాను. మిరప పండించే ఇంటి కోడలు, మరో రకంగా చెప్పటం దేనికి?

"మీ మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెడతారు కదా. ఏళ్ళ తరబడి అక్కడే ఉంచితే ఏమవుతుంది?"

"రంగు పోద్ది. ఘాటు పోద్ది. తాలు కింద లెక్కేస్తారు."

"ఇదీ అంతే. మగవాడి ఒంట్లో సరుకు తయారయ్యేది ఒకచోట, నిలవుండేది ఇంకోచోట. కొత్తది వస్తూనే ఉంటుంది. పాతది కదలకుండా నలభై రోజులు లోపలే ఉంటే ముసలిదై చచ్చిపోతుంది. ఆ రోజు నేను చూసింది ఆ పాత సరుకు. దాన్ని చూసి చేను పండదని రాశాను."

ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వటం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే. కౌంటర్లో సాయిబు గారు రసీదు పుస్తకంలో తల దూర్చేశారు.

"అయితే ఏం చెయ్యమంటారండి ఇప్పుడు?"

"ముందు పాతది ఖాళీ చేయించు. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు. తర్వాత సరిగ్గా మూడు రోజులు ఆగి, ఆ ఆదివారం ముందు శనివారం పొద్దున్నే తీసుకురా."

"ఆయన నా మొహమే చూడట్లేదండి."

"మరి నువ్వే చూడాలి తల్లీ. అది నా ఫారంలో లేదు."

శనివారం ఇద్దరూ వచ్చారు. ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. అతను లోపలికొచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. నేను ఫారం ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, నా జీవితంలో మొట్టమొదటిసారి ఆ ప్రశ్న పైకి అడిగాను. "కిందటిసారి అయ్యి ఎన్ని రోజులైంది?"

సాయిబు గారి చేతిలోంచి స్టాంపు కిందపడింది. "నేను టీ తాగొస్తా మేడమ్" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టకుండానే బయటికి నడిచారాయన. అతను మాత్రం చాలా సీరియస్‌గా వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "బుధవారం, గురువారం, శుక్రవారం. మూడండి." అంతే. ఎవరూ పారిపోలేదు, సాయిబు గారు తప్ప. పాతికేళ్ళు ఇంత చిన్న ప్రశ్నకు నేను భయపడ్డానా అనిపించింది.

శాంపిల్ పలచబడేదాకా ఆగి, ముప్పావుగంటకు స్లయిడు పెట్టి చూశాను. చూసి, ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. నిబంధనలు ఒప్పుకోవు గానీ అతన్ని పిలిచి, కన్ను అక్కడ పెట్టి చూడమన్నాను. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇయ్యన్నీ నావేనాండీ?"

"మరి నావా?"

"ఈదుతున్నయ్," అన్నాడు కన్ను తియ్యకుండానే. "ఎంత జోరుగా ఈదుతున్నయ్ చూడండి."

అప్పుడు అతనికి అసలు సంగతి చెప్పాను. వీర్యకణాలు వృషణాల్లో తయారవటానికే రెండు నెలల పైన పడుతుంది. అంత కష్టపడి పుట్టినా వాటికి ఈత రాదు. తోక ఉంటుంది గానీ ముందుకు పోవటం తెలియదు. ప్రతి వృషణం వెనకా ఒక గొట్టం మడతలు మడతలుగా చుట్టుకుని ఉంటుంది. దాని పేరు ఎపిడిడిమిస్. విప్పి పరిస్తే దాదాపు ఇరవై అడుగులు. వెంట్రుకంత గొట్టం, వేలెడంత చోటులో. ఆ ఇరవై అడుగులు దాటటానికి వాటికి ఇంచుమించు పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ దారిలోనే ముదురుతాయి, ఈత నేర్చుకుంటాయి. గొట్టం చివర తోకభాగంలో చేరి, పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. అదే గోదాము. అక్కడ కొన్నాళ్ళు బాగానే ఉంటాయి. మరీ ఎక్కువ రోజులు ఉంచేస్తే ఓపిక అయిపోయి, ఒకటొకటే చచ్చిపోతాయి.

అతను తలూపుతూ విన్నాడు. "బెజవాడ నడిచెళ్ళి వచ్చేసరికి నా కాళ్ళలాగే అయిపోయినయ్యన్నమాట," అన్నాడు. ఇరవై రోజుల తర్వాత అతను వేసిన మొదటి జోకు అదేనట, తర్వాత భార్య చెప్పింది.

కొత్త రిపోర్టు టైపు చేసి, పాతది ఎందుకు చెల్లదో కింద రాసి, డాక్టరు గారికి ఫోన్ చేసి నా తప్పు ఒప్పుకుని, నాలుగు చీవాట్లు తిని, సాయంత్రం ఆయన వచ్చాక సంతకం పెట్టించాను. వాళ్ళిద్దరూ అందాకా బస్టాండులో కూర్చున్నారు. కాగితం తీసుకోవటానికి అతనొక్కడే వచ్చాడు. రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"మేడమ్ గారూ, ఇది మా ఇంట్లో చూపించనండి. ఆ పాతదే ఇంకోటి కొట్టివ్వండి."

"మొగుడూ పెళ్ళాలు ఇద్దరికీ అదే కావాలా?" అన్నాను ఆశ్చర్యపోయి. "తప్పని తెలిసిన కాగితం నేనివ్వను. అయినా నీకేం ఖర్మ? బాగుందిగా, రేపు పెద్దమనుషుల ముందు పెట్టు."

"పెడితే ఎల్లుండి పొద్దున్నే మా అమ్మ మళ్ళీ దాని మీద పడుద్దండి." కౌంటర్ చెక్కను గోటితో గీకుతూ నిలబడ్డాడు. "ఇరవై రోజులు పడ్డా నేను. మా బాబాయి ఒక చూపు, బడ్డీ కొట్టు కాడ ఒక నవ్వు. ముద్ద మింగుడు పడలా. నాలుగేళ్ళు అదెట్టా తిన్నదోనండి ఆ ఇంట్లో. నా పక్కనే కూచుని తిన్నది. నేనేం అడగలా."

నాకూ ఒక అత్తగారు ఉండేది, పెళ్ళైన ఆరేళ్ళకు గానీ నాకూ బిడ్డ పుట్టలేదు. ఆ ఆరేళ్ళలో మా ఆయన ఒక్కరోజు కూడా ఇలా కౌంటర్ చెక్క గీకలేదు.

"సరే, కాగితం ఇవ్వకపోతే పోనీండి. నోటితో చెప్తా," అన్నాడు వెళ్తూ.

చెప్పాడట. మర్నాడు వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్న పది మంది ముందు, లోపం నాదే, మందులు వాడుతున్నాను, నేను ఆమెను పంపను, ఆమె వెళ్ళదు, పిల్లల సంగతి ఇంక ఎవరన్నా ఎత్తాలంటే నాతో ఎత్తండి, ఆమెతో కాదు అని చెప్పాడట. సోమవారం ఆ అమ్మాయి ఫోన్ చేసి ఇదంతా చెబుతూ మధ్యలో ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సాయిబు గారు ఎందుకని అడిగితే స్పెషల్ అన్నాను.

అతని మందులంటే వేరే ఏం లేదు, తల్లి కంటపడేలా సీసాలో పెట్టుకున్న బలం బిళ్ళలు. ఇద్దరిలోనూ లోపం లేదు, వేళ కలవాలి, మనసులు కలవాలి. నేను మాత్రం ఆ రోజు నుంచి గడిలో ఊహించి రాయటం మానేశాను. అడిగాను. అందరూ చెప్పారు. ఒకాయన అయితే నేను అడిగిన దానికంటే చాలా ఎక్కువ చెప్పాడు, ఆపమంటే ఆపలేదు. పిల్లలూ, అడగండి. అడిగినందుకు ఎవరూ చచ్చిపోరు.

రెండేళ్ళు దాటాక ఒక ఉదయం ఆ అమ్మాయి చంకలో పాపతో వచ్చింది. పాపకు జ్వరం, రక్తపరీక్ష రాశారట. వెనకాల ఒక పెద్దావిడ. చెవులకు బరువైన కమ్మలు, నోట్లో వక్క. తలుపు దగ్గర్నుంచే గొంతు ఎత్తింది.

"మా వాడు పనికిరాడని రాసింది నువ్వేనా? చూడు, ఎవరీ పిల్ల? అచ్చు వాడి ముక్కు. నువ్వు రాసినదానికి నా కొడుకు నెల రోజులు అన్నం మానేశాడు. కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చో. మా చందర్లపాడు చుట్టుపక్కల ఇంకొకళ్ళు నీ గడప తొక్కితే అడుగు."

బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా నా వైపు తిరిగారు. బయట బండి స్టాండు వేసి అతను పరుగున లోపలికొచ్చాడు. "అమ్మా, ఊరుకో, ఆవిడ తప్పేం లేదు, అసలు సంగతి..." అంటూ ఆ నాలుగు మడతల కాగితం కోసం జేబు మీద చెయ్యి వేశాడు. వద్దని తల అడ్డంగా ఊపాను.

"తప్పు నాదేనండి," అన్నాను పెద్దావిడతో. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు కాబట్టి హాయిగా అన్నాను. "నేను సరిగ్గా అడక్కుండా రాశాను. మీ అబ్బాయిలోనూ లోపం లేదు, మీ కోడల్లోనూ లోపం లేదు."

ఆవిడ అంత తొందరగా గెలుస్తానని అనుకోలేదేమో, కాసేపు తడబడింది. తర్వాత నిండుగా శాంతించి, పాపను కోడలి చంకలోంచి తీసుకుని నా ముందు స్టూలు మీద కూర్చుంది. "సర్లే, ఒప్పుకున్నావు. నొప్పి తెలీకుండా తియ్యి," అంది. పాప చిట్టి వేలు పట్టుకుని దూదితో తుడుస్తుంటే, ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"ఊళ్ళో అత్తలు ఏమేమో అంటారు. ఆ నాలుగేళ్ళలో నేను నిన్ను ఒక్క మాటన్నానా?"

కోడలు మొగుడి వైపు ఒకసారి చూసింది. "లేదత్తయ్యా" అంది.